"నీ యెముకలకు సత్తువయు కలుగును": సామెతలు 3:5–8 మీద మన గుంపులో నడిచిన చర్చ

పర్లాకిమిడి నుంచి, చర్చ మొదలుపెట్టిన సభ్యుడు:

అందరికీ వందనాలు. మా సండేస్కూలు పిల్లలకి ఈ నెల కంఠత వాక్యం సామెతలు 3:5, 6. మా పిల్లల సంగతి మీకు తెలిసిందే. బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఆదివారం బైబిలు తెరిచి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటారు. వాక్యం ఇదీ:

"నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము. నీ ప్రవర్తన అంతటియందు ఆయన అధికారమునకు ఒప్పుకొనుము. అప్పుడు ఆయన నీ త్రోవలను సరాళము చేయును."

ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తి రెండు ప్రశ్నలు వేసింది. సరాళమా, సరళమా, అచ్చుతప్పా? ఇది మొదటిది. "స్వబుద్ధి వద్దంటే పరీక్షకి చదవొద్దా అంకుల్?" ఇది రెండోది. మొదటిదానికి నిఘంటువు ఉంది. రెండోదానికి నేనేదో సర్దిచెప్పాను గాని, దాని మొహం చూస్తే నమ్మినట్టు లేదు. పెద్దలు కాస్త చెప్పండి.

గుణుపురం నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

బాబూ, సరాళము అచ్చుతప్పు కాదు. సరళానికి చుట్టమే. అడ్డూ ఆపూ లేకుండా సాఫీగా సాగేది సరాళం. కిటికీ తీస్తే గాలి సరాళంగా ఆడుతుంది అంటాం కదా, అదే. బైబిల్లో ఈ మాట దారుల దగ్గరే తగులుతుంది. యెషయా 40:3లో రాజమార్గాన్ని సరాళము చేయమంటాడు. మత్తయి 3:3లో యోహాను గురించి చెప్పేటప్పుడు కూడా "ఆయన త్రోవలు సరాళము చేయుడి" అనే ఉంది. అక్కడ మనుషులు దేవుడికి దారి చదును చేయాలి, ఇక్కడ దేవుడు మనిషికి చేస్తానంటున్నాడు. ఈ తేడా పిల్లలకి చెప్పండి, సరదాపడతారు.

రెండో ప్రశ్న గట్టిది. ఆ పిల్లని మెచ్చుకోవాలి. వాక్యంలో "స్వబుద్ధి" మీద కాదు, "ఆధారము చేసికొనక" మీద వేలు పెట్టండి. హీబ్రూలో అక్కడున్న క్రియకి ఒంటి బరువంతా దేనిమీదో వేసి ఆనుకోవడం అని అర్థం. 2 సమూయేలు 1:6లో సౌలు రాజు గిల్బోవ కొండమీద తన ఈటె మీద ఆనుకుని నిలబడ్డాడని ఉంటుంది చూడండి, అదే క్రియ. సైన్యం చెదిరింది, కొడుకులు పోయారు, వెనక శత్రువుల రథాలు తరుముకొస్తున్నాయి, చేతిలో మిగిలింది ఆ ఈటె. చెప్పిన మాట వినకుండా తనకు తోచినట్టు నడిచిన రాజు కథ ఆ ఈటె దగ్గరికి వచ్చి ఆగింది. "ఆధారము" అంటే ఏమిటో పిల్లలకి చూపించడానికి అంతకన్నా ఏం కావాలి?

ఇక చదవొద్దా అంటారా. ఇదే సామెతల గ్రంథం తర్వాతి అధ్యాయంలోనే "జ్ఞానము సంపాదించుకొనుము, బుద్ధి సంపాదించుకొనుము" అంటుంది (4:5). మూలంలో 3:5లో ఉన్న "బుద్ధి", ఇక్కడి "బుద్ధి" ఒకే మాట. సంపాదించుకోమన్నాడు. దాని మీద జారబడొద్దన్నాడు. చదవాల్సిందే అని చెప్పండి.

బరంపురం సభ్యురాలు:

మాస్టారూ, జారబడటం అన్నారు, బాగుంది. ఒడియాలో గోడకి చేరబడటాన్ని ఆఉజిబా అంటారు. మా పిల్లలకి ఆ మాట చెబితే వెంటనే అందుతుంది, ఆధారం అంటే ఆధార్ కార్డు అనుకుంటున్నారు!

నాకు ఆరో వచనంతోనే పేచీ. "ఆయన అధికారమునకు ఒప్పుకొనుము" అని మనవాళ్లు రాశారు. మూలంలో అధికారం ఎక్కడుంది? "నీ మార్గములన్నిటిలో ఆయనను ఎరుగుము", అంతే కదా. ఎరగడం ఒక ఆత్మీయత. అధికారం అనగానే నాకు తాసీల్దారు గుర్తొస్తాడు, దేవుడు కాదు. అనువాదకులు లొంగమన్న మాటని తెచ్చి వాక్యంలో దూర్చారని నా అనుమానం.

గుణుపురం మాస్టారు:

అమ్మా, మూలం గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. "ఎరుగుము" అనే ఉంది. నేనైతే అలాగే ఉంచేసేవాణ్ణి. ఎందుకంటే తెలుగులో ఎరగడం అంటే సమాచారం ఉండటం ఒక్కటే కాదు. "పెద్దా చిన్నా ఎరిగి మసలుకో", "మర్యాద ఎరిగి మాట్లాడు" అని ఇంట్లో ఎవర్ని మందలిస్తాం? పెద్దవాళ్లెవరో తెలియనివాణ్ణి కాదు, తెలిసీ తెలియనట్టు నడిచేవాణ్ణి. ఎరిగితే ఆ ఎరుక నడకలో కనబడాలి. విధేయత ఆ మాట పొట్టలోనే ఉంది. "ప్రవర్తన అంతటియందు" అని పక్కనే ఉండటం వల్ల అనువాదకుడికి అది తోచి ఉంటుంది. విప్పి చెప్పబోయి తాసీల్దారుని పిలుచుకొచ్చాడు, పాపం.

రాయగడ సభ్యుడు:

నేను చర్చికి వెళ్లే మనిషిని కాదు. మజ్జిగౌరమ్మ తల్లి ఊరివాణ్ణి, మా ఇంట్లో భాగవతమే. కాని ఎరగడం అనగానే ఊరుకోలేక రాస్తున్నా. అష్టమ స్కంధంలో గజేంద్రుడి మొర ఒకసారి చూడండి:

"లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛవచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవేతప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే ఈశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!"

"నీవే తప్ప ఇతఃపరం బెరుగ." మీ సామెతలో ఉన్న క్రియే! ఇక్కడ "లావు" అంటే బలం, ఇప్పటి పిల్లలు అనుకునే ఒళ్లు కాదు. ఒంట్లో రవ్వంత సత్తువ లేదు, నువ్వు తప్ప ఇంకొకరు తెలియదు అంటున్నాడు. స్వబుద్ధినే కాదు, స్వబలాన్ని కూడా వదిలేసిన మాట.

గుణుపురం మాస్టారు:

బాబూ, పద్యం గుర్తుచేసి పుణ్యం కట్టుకున్నారు. పోలిక నిజమే. తేడా కూడా ఉంది, నాకు అదే రుచి. గజేంద్రుడు ఏనుగు బలంతో వెయ్యేళ్లు పోరాడి, అంతా అయిపోయాక "నీవే తప్ప" అన్నాడు. వేరే దారి లేనప్పుడు ఎవరైనా అంటారు. నేనైనా అంటాను. సామెతల్లో తండ్రి కొడుక్కి చెబుతున్నది లావు ఉన్న రోజుల్లో. కింద తొమ్మిది, పది వచనాలు చూడండి: రాబడి ఉంది, ఆస్తి ఉంది, ధాన్యం కొట్లు ఉన్నాయి. బుర్ర పనిచేస్తోంది. అప్పుడు జారబడకు అంటున్నాడు. ఇది ఎంత కష్టమో అన్నీ సవ్యంగా నడుస్తున్న వాణ్ణి అడిగితే తెలుస్తుంది. పొలం పండినప్పుడు తెలివి నాదంటాం, ఎండినప్పుడు దేవుడి మీద భారం వేస్తాం.

రాయగడ సభ్యుడు:

ఒప్పుకుంటాను. అయితే గజేంద్రుడి పూర్వజన్మ కూడా కలిపి చూడండి మాస్టారూ. ఇంద్రద్యుమ్నుడనే రాజు. అగస్త్యుడు వస్తే లేచి మర్యాద చేయలేదు, అందుకే ఏనుగైపో అని శాపం. అక్కడా తల వంచకపోవడం దగ్గరే మొదలైంది కథ.

కాశీనగర్ సభ్యురాలు:

ఇంతమంది పెద్దలు మాట్లాడుతున్నారు, ఒక మాట. క్యాలెండర్ల మీదా, కొత్త సంవత్సరం వాగ్దాన వాక్యం చీటీల మీదా ఎప్పుడూ ఐదు, ఆరు వచనాలే వేస్తారు. ఏడు, ఎనిమిది ఎవరూ వేయరు. త్రోవలు సరాళం అయిపోతే చాలనుకుంటారు కాబోలు. మా అమ్మమ్మకి చదువు రాదు, నాలుగు వచనాలూ నోటికి వచ్చు. ఏడోది:

"నేను జ్ఞానిని గదా అని నీవనుకొనవద్దు. యెహోవాయందు భయభక్తులు గలిగి చెడుతనము విడిచిపెట్టుము."

మా చిన్నమావయ్య ఏ సలహా ఇచ్చినా "నాకు తెల్దేటి?" అనేవాడు. వెంటనే అమ్మమ్మ "ఏడో వచనం" అనేది, అంతే. వచనం కూడా చెప్పేది కాదు. ఇంట్లో అందరం నవ్వేవాళ్లం. ఓసారి మావయ్య ఉడుక్కుని "అయితే దేవుడు తెలివెందుకిచ్చినట్టు?" అన్నాడు. చోడంబలి గిన్నె అతని ముందు పెడుతూ ఆవిడ అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం: "తెలివి తాకట్టెట్టీమన్లేదురా. నాకే తెలుసు అనీసి కూకోవద్దన్నాడు. తాగు, ఎముకలకి సత్తువ."

ఎనిమిదో వచనం ఆవిడ దృష్టిలో అంబలికే రాశారు!

గుణుపురం మాస్టారు:

అమ్మా, మీ అమ్మమ్మగారు పండితురాలు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ముందు ఏడో వచనం. మూలంలో "నీ కన్నులకు నీవు జ్ఞానివై ఉండవద్దు" అన్న ధోరణి ఉంది. తెలుగు అనువాదకుడు ఆ కన్నుల్ని వదిలేసి, గర్వం ఉన్నవాడి నోట్లో మాటనే పట్టుకున్నాడు: "నేను జ్ఞానిని గదా". ఆ "గదా" ఒక్కటి చాలు. ఎవరూ అడక్కుండానే తనకి తాను చెప్పుకుంటున్నాడు, ఒప్పించుకుంటున్నాడు. చుట్టూ గ్రాంథికం, మధ్యలో అరుగు మీద వినబడే మాట. అధికారం దగ్గర తప్పటడుగు వేసినా, ఇక్కడ ఆ అనువాదకుడికి చేతులెత్తి దండం పెడతాను.

ఇక ఎనిమిదోది: "అప్పుడు నీ దేహమునకు ఆరోగ్యమును నీ యెముకలకు సత్తువయు కలుగును." హీబ్రూలో దేహం ఉన్నచోట నిజానికి "బొడ్డు" అనే మాట ఉంది. పాత గ్రీకు అనువాదంలోనే అది "దేహం" అయిపోయింది, మనదీ ఆ దారే. "సత్తువ" ఉన్నచోట మాత్రం మూలంలో ఉన్నది తాగేది, పానము. ఎముకలకి తాగడానికి ఇస్తాడట! అందుకే అన్నాను, అమ్మమ్మగారి అంబలి అసలు అర్థానికి చాలా దగ్గర.

ఎముకలు తాగడం ఏమిటి అంటే, ఇదే గ్రంథంలో 17:22 చూడండి: "నలిగిన మనస్సు ఎముకలను ఎండజేయును." యెహెజ్కేలు 37లో చెరలో ఉన్న జనం కూడా "మన యెముకలు ఎండిపోయెను" అనే వాపోతారు. ఆ మనుషులకి ఆశ పోవడం అంటే ఎముక ఎండటం, తేరుకోవడం అంటే ఎముక తడవడం. 32వ కీర్తనలో దావీదు తప్పు దాచుకుని నోరు మెదపకుండా ఉన్న రోజుల్లో తన ఎముకలు క్షీణించాయని, తన సారము "వేసవికాలమున ఎండినట్టాయెను" అని అంటాడు. తర్వాతి వచనంలో ఒప్పేసుకున్నాడు, తేలికపడ్డాడు. అక్కడ ఎముకలు ఎండగొట్టింది దాపరికం, ఇక్కడ "నేను జ్ఞానిని గదా" అనే పట్టుదల. రెండూ ఒక కడుపున పుట్టినవే. అన్నీ నేనే మోయాలి, నాకే తెలియాలి, నేను తప్పకూడదు అనే టెన్షన్ మనిషిని లోపల్నుంచి పీల్చేస్తుంది. దాన్ని దించుకున్నవాడికి వచ్చేదాన్ని తెలుగు బైబిలు సత్తువ అంది. ఆ మాట నాకెంత ఇష్టమో చెప్పలేను. నేలకీ సత్తువ అంటాం. గెత్తం వేసి, ఒక పంటకాలం ఊరికే వదిలితే తిరిగి వచ్చేది అదే. కొత్త నేల కొనడం కాదు, ఉన్న నేలే మళ్లీ పండటం.

జయపురం నుంచి, ఆసుపత్రిలో పనిచేసే సభ్యురాలు:

మాస్టారూ, వాక్యం ఇంత బాగా విప్పినందుకు వందనాలు. నా భయం వేరే. "దేహమునకు ఆరోగ్యము" అన్న ముక్క పట్టుకుని షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మానేసి వచ్చేవాళ్లని మా వార్డులో చూస్తూనే ఉంటాను. "దేవుడి మీద భారం వేశాం సిస్టర్" అంటారు. డాక్టరు రాసింది, ఇంట్లోవాళ్లు చెప్పింది వినకుండా తనకి తోచినట్టు మాత్ర మానేయడమే కదా స్వబుద్ధిని ఆధారం చేసుకోవడం? ఐదో వచనం వాళ్లే తప్పుతున్నారు, ఎనిమిదో వచనం కావాలంటున్నారు. సండేస్కూల్లో పిల్లలకి ఇది కూడా చెప్పండి, ఇంటికెళ్లి తాతలకి చెబుతారు.

బరంపురం సభ్యురాలు:

ఇది మా చర్చిలో కూడా చదివి వినిపిస్తాను సిస్టర్. మాస్టారూ, అధికారం మీద నా పేచీ ఇంకా పూర్తిగా పోలేదు గాని, "ఎరిగి నడుచుకో" దగ్గర సగం దిగివచ్చాను.

పర్లాకిమిడి సభ్యుడు:

అందరికీ ధన్యవాదాలు. వచ్చే ఆదివారం నుంచి నాలుగు వచనాలూ నేర్పిస్తాను. పిల్లకి జవాబు దొరికింది: చదువు, జారబడకు. ఇంకొక్క చిన్న సందేహం. ఎనిమిదో వచనంలో "నీ యెముకలకు" అని ఉంది. పిల్లలు "ఎముకలు" అనే పలుకుతారు, కొందరు పెద్దలు కసురుకుంటున్నారు. "యె" అనే పలికించాలా?

గుణుపురం మాస్టారు:

అక్కర్లేదు. "నీ" తర్వాత అచ్చు వచ్చింది కాబట్టి మధ్యలో యడాగమం చేరింది, అంతే. విడదీసి "నీ ఎముకలకు" అన్నా వ్యాకరణం ఏమీ అనదు. "సత్తువయు" బదులు "సత్తువా" అన్నా నేను మార్కులు తీయను. కసిరే పెద్దలకి చెప్పండి, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. 1936లో ఊరు ఒడిశాలో కలిసేదాకా అక్కడే ఉండి, జనం మాట్లాడే తెలుగుని పుస్తకాల్లోకి తెమ్మని పోరాడారు, కొండల్లో సవరల భాషకి నిఘంటువు కట్టారు. ఆ ఊళ్లో పిల్లలు నోటికి వచ్చినట్టు "ఎముకలు" అంటే తప్పుపట్టడం ఏం బాగుంటుంది? అర్థం తెలిసి చెబుతున్నారా లేదా అన్నది చూసుకోండి. ఆ ఎనిమిదో తరగతి పిల్లకి ఇంకేమైనా ప్రశ్నలుంటే ఇక్కడ పెట్టండి.