సముద్రపు మంచు బండను కొరుకుతుందా, కాస్తుందా?

లాల్‌బాగ్ బండ: నిన్న మన బెంగళూరు తెలుగువాళ్ళం లాల్‌బాగ్‌లో కూర్చున్నప్పుడు, ధ్రువాల దగ్గర రాతి తీరాన్ని సముద్రపు మంచు చెక్కుతుందని ఒకాయన అన్నారు. నేనొప్పుకోను. నీళ్ళు గడ్డకడితే అల లేవదు. అల లేనిదే కోత ఎక్కడిది? అలాస్కాలో మంచు తగ్గాకే కదా ఒడ్డు అంత జోరుగా కూలుతోంది!

మడివాళ మూర్తి: ఆ ఒకాయన్ని నేనే, పేరు పెట్టే అనండి. అలాస్కాలో కూలేవి గడ్డకట్టిన మట్టి గట్లు. మన మాట రాయి గురించి. పోటుకి నీళ్ళు పగుళ్ళలో దూరతాయి, ఆటుకి చలిగాలి తగిలి గడ్డకడతాయి. సుమారు 9 శాతం ఉబ్బుతాయి. ఫ్రీజర్లో నిండా నింపిన గాజుసీసా మీ ఇంట్లో ఎప్పుడూ పగల్లేదా?

సుధ: ఐస్‌బర్గ్‌లు రాసుకుని అరుగుతుందనుకున్నా.

మడివాళ మూర్తి: కాదమ్మా. ఐస్‌బర్గ్ హిమానీనదం నుంచి ఊడిన మంచినీటి గడ్డ. ఇది సముద్రమే మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం.

లాల్‌బాగ్ బండ: సీసాలోవి మంచినీళ్ళు, అక్కడ ఉప్పునీళ్ళు.

మడివాళ మూర్తి: ఉప్పువీ ఉబ్బుతాయి సార్! ఇన్ని చెబితే మీకు సీసాయే దొరికిందా? ఎమ్మెస్సీలో మా గైడ్ ఇలాగే నవ్వి ఈ అధ్యాయం ఎర్రపెన్నుతో కొట్టేశారు. నిన్న మీరూ అదే నవ్వు.

లాల్‌బాగ్ బండ: పల్లీ అడ్డంపడి దగ్గానండీ. గైడ్ మీది కోపం నా మీదెందుకు?

కిశోర్: పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

మడివాళ మూర్తి: కెనడాలో లాబ్రడార్ తీరంలో గుండ్రాళ్ళు గోడలా బారులు తీరి ఉంటాయి. మంచు వాటిని అడుగున కరుచుకుని, పోటుకి పైకెత్తి, మోసుకెళ్ళి దించినవి. అదీ అలేనా?

లాల్‌బాగ్ బండ: మోసిందంటే ఒప్పుకుంటా. నార్వే కొండల ముందు సముద్రమట్టానికి అటూఇటూగా పరుచుకున్న రాతి చదును గురించి ఆ దేశపు ధ్రువ అన్వేషకుడు నాన్‌సెన్ 1922లో ఏం రాశాడు? చలి పగలగొడితే అలలు ముక్కల్ని ఊడ్చుకుపోయాయనే కదా! ముక్కలు అక్కడే పడుంటే అది కోత కాదు, పగులు. తీరం అంగుళం వెనక్కి పోలేదు.

మడివాళ మూర్తి: అదీ అసలు తగాదా! మా నాన్న రాళ్ళు కొట్టేవాడు. బండకి వరసగా బెజ్జాలు తొలిచి, ఉలులు దిగేసి, సమ్మెటతో ఒక్కొక్కటీ కొడుతూ పోతే చివరికి టప్‌మని చీలేది. చీలిన రాయికే కూలి. లారీకెత్తినవాడు వేరు, వాడి లెక్క వేరు.

లాల్‌బాగ్ బండ: కూలి మంచుకే ఇద్దాం. కోత అనే మాట మాత్రం ఇవ్వను.