డబ్బున్నోళ్ళ సినిమా చూసి 1939లో థియేటర్ తగలబెట్టబోయారట, అంత కోపం దేనికి?

నేలటికెట్టు అడుగుతున్నాడు:

మా రూమ్మేటు ఫిల్మ్ కోర్సు చేస్తున్నాడు. వాడి లిస్టులో ఉందని నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని 'రూల్స్ ఆఫ్ ద గేమ్' చూశాం. జా రెన్వార్ తీసిన ఫ్రెంచి సినిమా, 1939ది. కథ చెప్పుకుంటే రెండు ముక్కలే. ఓ మార్కీ, అంటే మన లెక్కలో పెద్ద జమీందారు. ఆయనకి పెళ్ళాం కాక ఇంకో ఆవిడ. ఆ పెళ్ళాం వెనకాల ఒంటరిగా అట్లాంటిక్ దాటొచ్చిన పైలట్టు. అందరూ కట్టగట్టుకుని పల్లెలో ఉన్న బంగళాకి పోతారు, కుందేళ్ళని కాలుస్తారు, వేషాలేసుకుని పార్టీ చేసుకుంటారు. ఆ రాత్రి పైలట్టుని వేరే మనిషి అనుకుని తోట కాపలావాడు కాల్చేస్తాడు. మార్కీ మెట్ల మీద నిలబడి 'ఘోరమైన ప్రమాదం' అని ప్రకటిస్తాడు, అందరూ లోపలికెళ్ళి పడుకుంటారు. శుభం.

దాచడం దేనికి, వేట సీను నేను 1.5 స్పీడులో పెట్టాను. నిద్రొచ్చేస్తోంది మరి.

తర్వాత రూమ్మేటు చెప్పిందే బుర్రలోంచి పోవట్లేదు. విడుదలైనప్పుడు పారిస్‌లో జనం గోల గోల చేశారట, ఒకాయన న్యూస్ పేపరు అంటించి సీట్లు తగలబెట్టబోయాడట. ఇందులో అంత మండిపోయేది ఏముంది? పైగా ఇదే సినిమాని ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటున్నారు. అప్పటి రివ్యూలు తప్పా, ఇప్పటివి ఓవరా?

పాప్‌కార్న్ పండితుడు:

ఓవరే బ్రో, అనుమానం లేదు. పాత సినిమా, బ్లాక్ అండ్ వైట్, పైగా ఫ్రెంచి. ఇంక బాలేదనే దమ్ము ఎవడికుంటుంది? మన దగ్గర ఇలాంటిది వస్తే మార్నింగ్ షో ఇంటర్వెల్‌కే టాక్ బయటికొచ్చేసేది. ఏ క్యారెక్టర్‌తోనూ కనెక్ట్ అవ్వం. హీరో ఎవడో తెలీదు. హీరో అనుకున్నవాడు చచ్చిపోతాడు, అదీ పొరపాటున!

లియోన్ తెలుగమ్మాయి:

పాప్‌కార్న్ గారూ, మీరు రాసిన చివరి మూడు వాక్యాలూ 1939 పారిస్ ప్రేక్షకుడి నోట్లోంచి ఊడిపడ్డట్టున్నాయి. వాళ్ళకి నచ్చనిదీ అదే. కామెడీయో ట్రాజెడీయో తేలలేదు, ఎవరి పక్షం వహించాలో తెలియలేదు.

అంతకుముందు రెండేళ్ళలో రెన్వార్‌కి రెండు పెద్ద హిట్లు, 1937లో 'గ్రాండ్ ఇల్యూజన్', 1938లో 'లా బెట్ ఉమేన్'. ఆ ఊపులో సొంత కంపెనీ పెట్టి దీన్ని తీశాడు. సోలోన్య్ ప్రాంతంలో వానలు పడి షూటింగ్ సాగింది, ఖర్చు అనుకున్నదానికి రెట్టింపు దాకా పోయింది. జులై 7న పారిస్‌లో కొలిజే థియేటర్లో వేశారు. పేపరు అంటించినాయన సంగతి రెన్వారే తర్వాత చెప్పుకున్నాడు.

తారీఖు చూడండి. ముందటేడు సెప్టెంబరులో మ్యూనిక్ ఒప్పందం. హిట్లర్‌కి చెకోస్లొవేకియాలో ముక్క కోసిచ్చి, యుద్ధం తప్పిందని ఊపిరి పీల్చుకున్న దేశం ఇది. సినిమా వచ్చిన రెండు నెలలకే యుద్ధం వచ్చిపడింది. అలాంటి సమయంలో 'మీ పెద్దమనుషులు ఇదిగో ఇలా ఉన్నారు, పక్కన శవం పడ్డా మర్యాద తప్పరు' అని చూపిస్తే ఒళ్ళు మండదా? యుద్ధం మొదలయ్యాక ప్రభుత్వం దీన్ని నిషేధించింది కూడా, జనం మనోధైర్యం చెడిపోతుందని.

ఇంకోటుంది, దాని గురించి ఇక్కడ ఫ్రాన్సులో ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. మార్కీగా వేసిన మార్సెల్ దాలియో యూదుడు. భార్యగా వేసిన నోరా గ్రెగర్ ఆస్ట్రియా ఆవిడ. ఫ్రెంచి కులీనుడి వేషం యూదుడికివ్వడమేంటని రైట్ వింగ్ పత్రికలు కస్సుమన్నాయి. రెన్వార్ దాన్ని దాచలేదు సరికదా, సినిమాలోనే పెట్టాడు. కింద వంటింట్లో పనివాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని తింటూ యజమాని పుట్టుక గురించి సన్నగా ఎత్తిపొడుస్తారు. అప్పుడు వంట మేస్త్రీ అందుకుంటాడు: ఆయన మూలాలు ఏవైనా కానీ, మొన్న బంగాళాదుంపల సలాడ్ గురించి నన్ను పిలిచి చీవాట్లేశాడు, దుంపలు పొగలు కక్కుతున్నప్పుడే వైట్ వైన్ పోయాలి, మా కుర్రాడు చేతులు కాలతాయని అలా చెయ్యలేదు, ఆ తేడా నాలికతో పట్టాడు, ఆయన మాత్రం అసలు సిసలు పెద్దమనిషి! చూడండి, కులీనతకి కొలబద్ద చివరికి దుంపల కూర. నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. కోడళ్ళని పులిహోర తాలింపుతో తూచేది.

జర్మన్లు పారిస్‌లోకి వచ్చేలోపే దాలియో పారిపోయి అమెరికా చేరాడు. ఇక్కడేమో వాళ్ళు 'యూదుడి ముఖం ఇలా ఉంటుంది' అని ఆయన ఫోటోతోనే పోస్టర్లు వేశారు. 'కాసాబ్లాంకా'లో జూదశాలలో కనిపించే ఎమీల్ ఆయనే.

ఇక గోల చూసి భయపడి సినిమాని కత్తిరించారు. 94 నిమిషాలది 81కి దిగింది. రెన్వార్ ఎక్కువగా కోసుకుంది తన వేషాన్నే. ఆక్టావ్ అని, అందరికీ స్నేహితుడిగా తిరిగే లావుపాటాయన, అది రెన్వారే. మొహం చూపించడానికి సిగ్గేసినట్టు కోసుకున్నానని తర్వాత అన్నాడు. అయినా ఆడలేదు. మూడు వారాల్లో ఎత్తేశారు.

కార్బన్ కడ్డీ:

బాబూ నేలటికెట్టూ, నీ పేరు చూసి ఆగాను. తెనాలి పక్కన ఓ ఊళ్ళో 31 ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేసినవాణ్ణి. ఈ సినిమా నేనూ చూశాను. మా ఊరి ఫిలిం సొసైటీ వాళ్ళు 16 ఎం.ఎం. ప్రింటు తెప్పిస్తే కాలేజీ హాల్లో దుప్పటి కట్టి నేనే వేశాను. ఫ్రెంచి రాదు, కింద ఇంగ్లీషు అక్షరాలు సగం అందలేదు, అయినా ఆ కుందేళ్ళు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

లియోన్ అమ్మాయి గారు 94 నుంచి 81 అని ఒక్క ముక్కలో రాసేశారు. ఆ ముక్క దగ్గర నాకు చెయ్యి వణికింది. 35 ఎం.ఎం.లో నిమిషానికి 90 అడుగులు. పదమూడు నిమిషాలంటే 1170 అడుగులు. వెయ్యడుగుల రీలు ఒకటి మొత్తం పారేసి, ఇంకో రీలు కొస కూడా తుంచినట్టు.

రామారావు గారు ముఖ్యమంత్రి అయిన మరుసటేడు, సంక్రాంతి వెళ్ళాక మా హాల్లో ఓ సినిమా పడింది. పేరు చెప్పను. అది కూడా డబ్బున్నోళ్ళ కథే. పెద్ద బంగళా, నలుగురు అన్నదమ్ములు, తాగుడు, పేకాట, పంపకాలు, మధ్యలో ముసలి తల్లి. మార్నింగ్ షోకే నేల నుంచి చెప్పులు లేచాయి. మ్యాట్నీ అవకుండానే డిస్ట్రిబ్యూటర్ మనిషి, రిప్రజెంటేటివ్ అనేవాళ్ళం, ట్రంకాల్ మాట్లాడొచ్చి చేతిలో చీటీ పెట్టాడు. ఆరో రీల్లో ఇక్కణ్ణించి ఇక్కడికి, తొమ్మిదో రీల్లో పాట రెండో చరణం.

కొయ్యడం ఏముంది, కత్తెర. అతకడమే పని. అతుకు పడే చోట బ్లేడుతో ఫిల్ము మీది మసాలా పూత గీకాలి, పైన సిమెంట్, అంటే ఫిల్ము జిగురు, బ్రష్షుతో ఒక్క రాపు, స్ప్లైసర్లో, అదే అతుకు వేసే పరికరంలో, నొక్కి పది లెక్కపెట్టాలి. గోళ్ళరంగు వాసనొస్తుంది, కేబిన్ వేడికి ఆ వాసన గొంతులోకి దిగుతుంది. సరే, బొమ్మ అతుక్కుంది. మరి సౌండు? ఫిల్ము మీద సౌండు, దాని బొమ్మ పక్కనే ఉండదు బాబూ. ఇరవై ఫ్రేముల ముందు ఉంటుంది, ఎందుకంటే సౌండు చదివే దీపం, ప్రొజెక్టర్లో బొమ్మకి వెలుగు పడే గేటు కింద ఎక్కడో ఉంటుంది. అందుకని బొమ్మ మారిపోయాక కూడా, కోసేసిన దాని మాట ముక్క ఒకటి వినిపిస్తుంది. సెకను కూడా ఉండదు. ఆరో రీల్లో తీసేసింది తల్లి "ఒరే పెద్దోడా" అని పిలిచే చోటు నుంచి. ఫస్ట్ షోలో తెర మీద కారు గేట్లోకి వస్తోంది, ఎక్కణ్ణించో ఆవిడ గొంతు "ఒరే పె" అని తెగిపోయింది. హాలు హాలంతా ఒక్కటే నవ్వు. ఆ తర్వాత తెర మీద ఎవరు కనిపించినా "ఒరే పె" అని అరవడమే. చెప్పులు విసిరినప్పుడైనా సినిమా బతికుందేమో గానీ ఆ నవ్వుతో పోయింది.

అందుకని నీ ప్రశ్నకి నా జవాబు ఇది. పేపరు అంటించినాయనకి సినిమా అర్థం కాలేదని నేననుకోను. బాగా అర్థమయ్యే ఉంటుంది. చెడ్డవాణ్ణి చూపిస్తే జనం తిట్టుకుని ఇంటికెళ్తారు. ఇందులో చెడ్డవాడేడీ? ఆ మార్కీ తన పెద్ద వాయిద్యం యంత్రాన్ని అందరికీ చూపించేటప్పుడు మొహం చూశావా? గర్వం, వెంటనే సిగ్గు, బొమ్మ చూపించి మెచ్చుకుంటారా లేదా అని చూసే చంటిపిల్లాడిలా. అలాంటివాడి మీద కోపం తెచ్చుకోలేక, ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియక కుర్చీల మీద పెట్టుంటాడు. ఎవరి కారణాలు వాళ్ళకున్నాయి, అదే ఈ లోకంలో ఘోరం అని ఆక్టావ్ ఓ చోట అంటాడు కదా. అన్నది ఎవరు? అందరి ఇళ్ళలో తిరుగుతూ, అందర్నీ కలిపి ఉంచే మనిషి. సినిమాకి అతుకు అతను. గోల చూసి రెన్వార్ ఆ అతుకునే కోశాడు. పాపం అనిపిస్తుంది నాకు. రిప్రజెంటేటివ్ చీటీ కూడా లేకుండా తన చీటీ తనే రాసుకున్నాడు.

రివ్యూలు తప్పా ఒప్పా అని గొడవెందుకు? ఎవరు ఏ ప్రింటు చూశారో ముందు అడగాలి. యుద్ధంలో బాంబులు పడి అసలు నెగటివ్ పోయింది. చాలా ఏళ్ళు జనం చూసింది కత్తిరింపులే. తర్వాత ఇద్దరు సినిమా పిచ్చోళ్ళు ఎక్కడెక్కడి డబ్బాలో వెతికి, ముక్కలన్నీ కూర్చి, రెన్వార్ సలహాతో 106 నిమిషాలు చేశారు. 1959లో వెనిస్ ఫిలిం ఫెస్టివల్‌లో వేశారు. మొదటి రోజు పారిస్‌లో పడినదానికంటే అదే పెద్దది! ఇంగ్లండు 'సైట్ అండ్ సౌండ్' పత్రిక పెట్టే ప్రపంచంలో గొప్ప సినిమాల ఓట్లలో 1952లో పదో స్థానం, 1962లో మూడు, 1972లో రెండు. రెన్వార్ ఏమన్నాడట తెలుసా? ఒక్క చిన్న సీను తప్ప అన్నీ దొరికాయి, దొరకని దానికి పెద్ద విలువ లేదు అని. నేను నమ్మను. తీసినవాడు అలా అంటాడు గానీ...

ఇంకో మాట, వేట సీను ఫాస్టుగా పెట్టానన్నావు. మళ్ళీ చూడు. చివరి కుందేలు పడ్డాక ముందు కాళ్ళు మెల్లిగా ముడుచుకుంటుంది. పైలట్టు ఎలా పడ్డాడో ఆ దొంగవేటగాడు మార్సో చివర్లో చెప్తాడు, వేటలో జంతువులా దొర్లాడని. ఆ కాళ్ళు చూడకపోతే ఆ మాట నీకు మాటగానే వినిపిస్తుంది.

పాప్‌కార్న్ పండితుడు:

తాతగారూ, మీరు చెప్పినందుకైనా ఇంకోసారి ట్రై చేస్తా. 'ఒరే పె' మాత్రం అదిరింది 😂

లియోన్ తెలుగమ్మాయి:

కడ్డీ గారూ, నాలుగేళ్ళ క్రితం ఇక్కడ ఒక పాత హాల్లో దీన్ని చూశాను. కాపలావాడు తుపాకీ పట్టుకుని పార్టీలోకి దూరి కాలుస్తుంటే, అతిథులు అదీ నాటకంలో భాగమే అనుకుని చూస్తుంటారు కదా, అక్కడ మా హాలూ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. పక్క సీట్లో పెద్దావిడ ఒక్కతే నవ్వలేదు. బయటికొచ్చేటప్పుడు ఏమైనా అడుగుదామనుకున్నా, ధైర్యం చాల్లేదు.

మన దేశానికి ఒక చిన్న ముడి: ఇదే రెన్వార్ 1949లో 'ద రివర్' తియ్యడానికని కలకత్తా వచ్చాడు. లొకేషన్లు వెతుకుతూ ఆయన వెంట తిరిగిన కుర్రాడు సత్యజిత్ రాయ్. అప్పటికింకా అడ్వర్టైజింగ్ కంపెనీలో ఉద్యోగం.

నేలటికెట్టు:

మళ్ళీ చూశాను, మామూలు స్పీడులో. కుందేలు దగ్గర ఆపేసి కాసేపు లేచి తిరిగాను. దుంపల సలాడ్ మొదటిసారి అసలు గమనించనేలేదు. రూమ్మేటు ఆ వంట మేస్త్రీ కోసం వెనక్కి పెట్టి రెండుసార్లు చూశాడు.

తాతయ్య గారూ, ఆ సంక్రాంతి సినిమా చివరికి ఏమైంది? కోసిన ముక్కలు పారేశారా?

కార్బన్ కడ్డీ:

పారెయ్యలేదు బాబూ. రబ్బరు బ్యాండు వేసి, ఏది ఏ రీలుదో చీటీ కట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళాను. పది రోజులకి ఫోనొచ్చింది, పక్క సెంటర్లో కథ తెలియట్లేదంటున్నారు, మళ్ళీ అతికెయ్యమని. డబ్బా తీస్తే ఒక చుట్ట లేదు. మా చిన్నోడు, అప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు, వీధి పిల్లల్ని పోగేసి సినిమా వేస్తున్నాడు. ఫిలమెంటు తీసేసిన బల్బులో నీళ్ళు పోసి, అద్దంతో ఎండ లోపలికి కొట్టి, గోడకి నా పంచె కట్టి. ఒక్కో బొమ్మా విడివిడిగా కత్తిరించి, పైసాకి రెండు అమ్మేశాడు కూడా. కొట్టబోయి ఊరుకున్నాను. పంచె మీద బొమ్మ బాగానే పడుతోంది.

దాదాపు 40 అడుగులు, అర నిమిషం కూడా కాదు. తల్లి మెట్లు దిగుతుంది, చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరికీ నిద్ర చెడకుండా. మాటలు లేవు. మిగతావన్నీ అతికాను. అది లేకుండానే ఇంకో నాలుగు రోజులు ఆడింది.