“దిగివచ్చెదవు గాక”: యెషయా 64:1లోని ‘గాక’ గురించి

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం కదా, బైబిల్లో యెషయా గ్రంథంలోని ఈ ఒక్క వాక్యం పట్టుకుని కాసేపు మాట్లాడుకుందాం: “గగనము చీల్చుకొని నీవు దిగివచ్చెదవు గాక.” మూడేళ్ల పాఠాల క్రమం పాటించే సంఘాల్లో రెండో ఏటి ఆగమన కాలం మొదటి ఆదివారం దీన్నే చదువుతారు.

‘గాక’ మనకు ఎక్కువగా పెద్దల నోట వినిపిస్తుంది. మేలు కలుగు గాక, శుభమగు గాక అని దీవిస్తారు. ఇక్కడ మాత్రం దీవించే స్థితిలో లేనివాళ్లు దేవుడితో అంటున్నారు. ప్రభువు ప్రార్థనలో “నీ రాజ్యము వచ్చుగాక” అంటాం కానీ, అక్కడ రావలసింది రాజ్యం. ఇక్కడ నేరుగా ‘నీవు’ అనేశారు. నువ్వే రావాలి, ఇంకేది వచ్చినా మాకు చాలదు అన్నట్టు!

హీబ్రూ ప్రతుల్లో ఈ మాట 63వ అధ్యాయపు చివరి వచనంలోనే ఉంటుంది. కోరికను తెలిపే ‘లూ’ అనే మాటతో మొదలై, వెంట భూతకాల రూపంలో క్రియ వస్తుంది. అందుకే ‘దిగివచ్చి ఉంటే ఎంత బాగుండేది’ అన్న బాధ కూడా అందులో పలుకుతుంది. ‘చీల్చు’ అన్నచోట ఉన్న క్రియ, ఆదికాండము 37:34లో కొడుకు చనిపోయాడనుకుని యాకోబు బట్టలు చింపుకున్నప్పుడు వాడినదే. ఆ దుఃఖం తెలిసిన మాటతోనే ఆకాశాన్ని చింపమంటున్నారు. మన అనువాదకులు ‘చీల్చి’ అని ఊరుకోకుండా ‘చీల్చుకొని’ అనడం నాకెంతో ఇష్టం. దారి కూడా ఆయనే చేసుకుని రావాలి. మేం పైకి వస్తామన్న మాట ఈ ప్రార్థనలో ఎక్కడా లేదు.

ఎందుకు లేదో ఆరో వచనం చెబుతుంది: “మా నీతిక్రియలన్నియు మురికిగుడ్డవలె నాయెను.” పాపాలు మురికిగుడ్డ అని ఉంటే తలూపి ముందుకు వెళ్లిపోయేవాళ్లం. నీతిక్రియలు అన్నాడు. మన ఉపవాసాలు, కానుకలు, పాడిన పాటలు అన్నీ అందులోకే వస్తాయి. దేవుడి అవసరం తప్పు చేసిన రోజునే గుర్తొస్తే ఈ వచనం మనకింకా అందనట్టే. క్రిస్మస్ ఏర్పాట్ల టెన్షన్‌లో పడి దీన్ని దాటేయకండి.

ఒక సభ్యురాలి ప్రశ్న: మత్తయి 5:3లో “ఆత్మవిషయమై దీనులైనవారు” అన్నదీ ఇదేనా? ‘దీనులు’ అంటే వినయం గలవాళ్లు కదండీ?

జవాబు: అవునండీ, ఇదే. అయితే ‘దీనుడు’ని వినయవంతుడు అనుకుంటే సగం బరువు పోతుంది. దీనంగా చూశాడు, దీనస్థితి అంటాం చూడండి, ఆ అర్థమే ఇక్కడ సరైనది. గ్రీకులో కూలి చేసుకుని బతికే పేదకు వేరే మాట ఉంది. మత్తయి వాడిన ‘ప్టోకోస్’ బిచ్చమెత్తితే తప్ప గడవనివాడికి చెప్పే మాట. వినయాన్ని సుగుణంగా లెక్క వేసుకోవచ్చు. అడుక్కునేవాడికి లెక్క వేసుకోవడానికి ఏముంటుంది?

ఇంకొకటి. మార్కు 1:10లో యేసు నీళ్లలోనుండి వస్తుండగా “ఆకాశము చీల్చబడుటయు” అని ఉంది. ఆ వెంటనే ఆత్మ “దిగివచ్చుటయు” అంటాడు. యెషయాలోని రెండు క్రియలూ మన తెలుగులో అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ‘గాక’ మాత్రం లేదు.