జూనియర్ ఎక్స్‌సీ (క్రాస్ కంట్రీ మౌంటెన్ సైకిల్) రేసులకి టైర్లో గాలి ఎంత ఉండాలి?

ప్రశ్న: మా తమ్ముడు వచ్చే ఏడాది జూనియర్ ఎక్స్‌సీ రేసులకి దిగుతాడు. బరువు 55 కిలోలు, 29 అంగుళాల చక్రాలు, 2.25 అంగుళాల వెడల్పు ట్యూబ్‌లెస్ టైర్లు. బెంగళూరు తురహళ్లి రాళ్ల మీద ముందు చక్రం జారిపోతోంది. షాపులో 35 పీఎస్‌ఐ కొట్టారు.

జవాబు: 35 చాలా ఎక్కువండీ! టైరు రాయిని పట్టుకోకుండా ఎగిరిపడుతుంది. ముందు 19, వెనక 21తో మొదలుపెట్టి ఒక్కొక్క పీఎస్‌ఐ తగ్గిస్తూ చూడండి. రిమ్ము రాయికి టంగుమని తగిలితే రెండు పెంచండి. పంపు మీటరు నమ్మొద్దు, డిజిటల్ గేజ్ కొనండి.

జవాబు: సీలెంట్ (టైరు రంధ్రాల్ని లోపల్నుంచి మూసే ద్రవం) ఒక్కో టైరుకి 100 మి.లీ. పోయండి. ఎండలకి రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది. గాలి ఎక్కకపోతే వాల్వ్ కోర్ (వాల్వ్ లోపలి చిన్న భాగం) విప్పి కడగండి.

జవాబు: జూనియర్ అంటే ఆ ఏడాది 17, 18 నిండేవాళ్లు. రేసు గంట పైనే. సింగిల్ ట్రాక్‌లో (ఒక సైకిల్ మాత్రమే పట్టే సన్నని దారిలో) ముందువాళ్లని దాటడం కష్టం, స్టార్టే ముఖ్యం: 30 సెకన్లు పూర్తి బలంతో, ఆగకుండా 5 నిమిషాలు రేసు వేగంతో తొక్కించండి.