హాట్ టబ్ షెల్ (నీళ్లు నిలిచే తొట్టి) ఏ మెటీరియల్ తీసుకోవాలె? మాది బోరు నీళ్లు

చౌటుప్పల్ దగ్గర పొలంల చిన్న ఇల్లు కట్టినం, బయట నలుగురు కూసునే హాట్ టబ్ పెడ్దామని నాన్న ఒకటే పట్టు, మోకాళ్ల నొప్పులు ఆయనకు. ఒకాయన అక్రిలిక్ అంటుండు, ఇంకొకాయన ప్లాస్టిక్‌ది సగం రేటుకే ఇస్త అంటుండు, మా మేస్త్రీ ఏమో రెండూ వద్దు సార్ కాంక్రీట్ పోసి టైల్స్ ఏస్త అంటుండు. మా బోరు నీళ్లు బకెట్ల రెండ్రోజులుంటే అంచుకు తెల్లగ పొర కడ్తది. వాడినోళ్లు జర చెప్పుర్రి.

పాలమూరు_ఫైబర్:
ఫైబర్ పనే చేస్త అన్నా. అక్రిలిక్ అంటే షీట్‌ను వేడిజేసి అచ్చుల గుంజుతరు, ఎనక ఫైబర్, రెజిన్ కొడ్తరు. నున్నగుంటది, గీతలు పడితే పాలిష్ పట్టొచ్చు. ప్లాస్టిక్‌ది సింటెక్స్ ట్యాంకు తీర్గనే పోస్తరు, దెబ్బకు పగలదు, తేలిక, కానీ పగులొస్తే గమ్ము అంటదు, వెల్డింగే. జాగ్రత్త ఏందంటే జెల్‌కోట్ (పైన నున్నగ కొట్టే రెజిన్ పూత) కొట్టిన ఫైబర్ టబ్‌నే అక్రిలిక్ అని అమ్మేటోళ్లున్నరు, అది వేడినీళ్లల్ల నానంగ నానంగ బొబ్బలొస్తది. నీళ్లు చిమ్మే జెట్ కోసం కోసిన బొక్క అంచు చూపియ్యమను, అక్రిలిక్ షీట్ వేరే పొర లెక్క కనవడ్తది, జెల్‌కోట్ అయితే శానా పల్చగుంటది.

నల్లగొండ_చిన్నా:
టైల్స్ జోలికి పోకు వయా. మేం ఏపిచ్చినం, టైల్స్ సందులల్ల మామూలు గ్రౌట్ కొట్టి పోయిండు, ఏడాదికే సందులు నల్లబడ్డయి, ఇప్పుడు బ్రష్ పట్టుకొని నేనే రుద్దుతున్న. ఎపాక్సీ గ్రౌట్ అయితేనే ఆలోచించు, అదీ పనోడు తెలిసినోడైతే.

అడిగినాయన:
బొక్క సంగతి మంచిగ చెప్పినవ్ అన్నా, రేపే పోయి చూస్త. మరి సున్నం పొర?

పాలమూరు_ఫైబర్:
ఏ మెటీరియలైనా బోరు నీళ్లకు పొర కట్టక మానదు, నున్నటిదాని మీద తొందరగ పోతది, గంతే. వెనిగర్‌ల నీళ్లు కలిపి మెత్తటి గుడ్డతోని తుడువు, బాత్రూం యాసిడ్, థిన్నర్ మాత్రం అక్రిలిక్ మీద పొయ్యకు. భగీరథ నల్లా ఉంటే దాంతోనే నింపు. నల్ల రంగు తీసుకోకు, తెల్ల మరకలన్నీ దాని మీదనే కనవడ్తయి, నా మాటిని బూడిద రంగు చూడు. ఇంకోటి, ఎండకాలం ఖాళీజేసి మూత తీసి వదిలేస్తే షెల్ వేడెక్కి ఉబ్బుతది, మా దగ్గరికి రిపేర్‌కొచ్చేటియి సగం గవ్వే.

దేవరకొండ_అక్క:
మెటీరియల్ సరే తమ్మీ, కింద బెడ్ గట్టిగ పోపియ్యి, వెయ్యి లీటర్లంటేనే టన్ను బరువు, ఆపైన నలుగురు మనుషులు. నాన్నకు బీపీ ఉంటే డాక్టర్‌ను అడుగు, 40 డిగ్రీలు దాటనియ్యకు.

అడిగినాయన:
బీపీ ఉందక్కా, ఆ ముచ్చట ఎవ్వలం అనుకోనే లేదు. ముందు డాక్టర్ దగ్గరికి తోల్కపోత, టబ్ తర్వాత.