రోజూ చూసేవాటి నుంచి విశ్వాస పాఠం రాయడం ఎలా?

ప్రశ్న: బ్రాడీపేట రచయిత్రి, గుంటూరు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘపు మాసపత్రికలో స్త్రీల సమాజం తరఫున ప్రతి నెలా ఒక పేజీ రాసే బాధ్యత నాది. ఇంట్లోనో, బజారులోనో, బడిలోనో కంటబడిన చిన్న విషయాన్ని తీసుకుని, దాని ద్వారా ఒక విశ్వాస సత్యాన్ని చెప్పి, చివర ఒక బైబిలు వాక్యంతో ముగించడం ఆ పేజీకి మొదటి నుంచీ ఉన్న ఆనవాయితీ. పెద్దవాళ్లు ఇష్టంగా చదువుతారు, ఆరాధన అయ్యాక ఆగి మాట్లాడతారు కూడా. అయితే ఈ మధ్య ఇంటర్ చదివే ఒక అమ్మాయి, మర్యాదగానే, "ఆంటీ, మొదటి పేరా చదివితే చివరి వాక్యం ఏమిటో మాకు తెలిసిపోతోంది" అన్నది. దీపం వస్తే సాక్ష్యం, వాన వస్తే ఆశీర్వాదం, ఎండ వస్తే శ్రమ అంటూ ఆమె వరుసగా చెప్పుకుపోతుంటే నేను వింటూ ఉండిపోయాను.

వచ్చే నెలకు మిర్చి గురించి రాద్దామని ఉంది. ఎండలో ఎండి ఎర్రబడే మిరపకాయను, శ్రమలలో పరిణతి చెందే విశ్వాసిని పక్కపక్కన పెట్టాలన్నది నా ఆలోచన. ఇటువంటి రచనలో పాఠం ముందే సిద్ధంగా ఉండి వస్తువు దానికి కేవలం సాకుగా మారిపోకుండా ఉండాలంటే ఏం చేయాలో, రాసే అలవాటు ఉన్నవారు చెప్పగలరా?

రెండో సంగతి మనుషుల గురించి. మా వీధిలో మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లే ఒకావిడ ఉన్నారు. ఆమె ఓపిక, ఆమె ప్రార్థన నన్ను చాలాసార్లు కదిలించాయి. అలాగే విజయవాడ వరద గురించి కూడా ఒక పేజీ రాయమని మా సంపాదకులు అడుగుతున్నారు. మరొకరి కష్టాన్ని మన పాఠానికి వాడుకోవడం ఎంతవరకు న్యాయమన్నది నాకు తేలడం లేదు.

జవాబు: విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

సోదరి గారికి వందనాలు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ప్రవక్తల పుస్తకాల్లోనే ఉందని నా నమ్మకం. యిర్మీయాను పిలిచినప్పుడు దేవుడు అతనికి మొదట సందేశం ఇవ్వలేదు, నీకేమి కనబడుతున్నదని అడిగాడు. బాదముచెట్టు చువ్వ కనబడుతున్నదని అతడు చెప్పాడు. నీవు బాగుగా కనిపెట్టితివని మెచ్చుకున్న తరువాతే అసలు మాట వచ్చింది. ఆమోసునూ అలాగే అడిగాడు. ఒకసారి మట్టపు గుండు, మరొకసారి వేసవి పండ్ల గంప అతనికి కనబడ్డాయి. చువ్వను చువ్వగా, గంపను గంపగా పేరుపెట్టి చెప్పగలిగినవాడికే తరువాతి మాట అప్పగించడం నాకు చాలా ముఖ్యమైన క్రమంగా కనిపిస్తుంది. మన ధ్యానాల్లో ఎక్కువ భాగం ఈ క్రమాన్ని తలకిందులు చేస్తాయి.

ప్రభువు చెప్పిన ఉపమానాల్లో పనిపాటలు ఎంత నిర్దిష్టంగా ఉన్నాయో గమనించండి. ఆ స్త్రీ పులిసిన పిండిని కలిపింది మూడు కుంచముల పిండిలో, అంటే ఒక ఇంటికి సరిపోయేదానికన్నా చాలా ఎక్కువ పిండిలో. వల నిండాక జాలరులు దానిని ఒడ్డుకు లాగి, కూర్చుని, మంచి చేపలను గంపల్లోకి ఏరారు. ఆ కూర్చోవడం కేవలం పాఠం కోసం కథ కల్పించేవాడికి తట్టే వివరం కాదు, పని చూసినవాడికి మాత్రమే తెలిసే వివరం. ఏరడం తొందరపడి నిలబడి చేసే పని కాదని కృష్ణ ఒడ్డున వలలు దులిపేవారిని చూసిన మనకు చెప్పనక్కరలేదు.

మీ గుంటూరు ప్రాంతంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. వినుకొండలో 1895లో పుట్టిన జాషువా, తరువాత 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. అంతకు ఎంతో ముందే, 1941లో, ఆయన 'గబ్బిలం' రాశారు. గుడి గడప దాటనివ్వని మనిషి తన మొరను శివుడికి విన్నవించడానికి గబ్బిలాన్నే ఎందుకు పంపాడు? అది నిజంగానే గుడిలో వేలాడుతుంది, దాన్ని ఎవరూ అడ్డగించరు. ఆ కావ్యంలోని వేదనకు బలం గబ్బిలం అసలు నడవడి నుంచి వచ్చింది, కవి దానికి తగిలించిన అర్థం నుంచి కాదు.

నేను విద్యార్థులకు ఒక పరీక్ష చెప్పేవాణ్ణి. రాసిన పేజీలో వస్తువును మార్చి చూడండి. మిరపకాయ స్థానంలో మామిడిపండు పెట్టినా పాఠం చెక్కుచెదరకుండా నిలిచిందంటే, ఆ పేజీలో మిరపకాయ లేనట్టే.

జవాబు: మిర్చి యార్డు గుమస్తా, గుంటూరు

అక్కకు వందనాలు. మాస్టారు చెప్పిన పరీక్ష సంగతి నాకు అంతగా తెలియదు గానీ మిరపకాయ సంగతి తెలుసు, కాబట్టి ఆ ఒక్కదాని గురించే రాస్తాను.

ఎండ వల్ల కాయ ఎర్రబడదు. కాయ చెట్టు మీదే పండి ఎర్రబడుతుంది, రైతు పండిన కాయనే కోస్తాడు. అక్కడక్కడా కొంచెం పచ్చదనం మిగిలి ఉంటే కోసిన కాయను ఒకటి రెండు రోజులు కుప్పగా ఉంచుతారు, ఆ కుప్పలోనే రంగు సమానమవుతుంది. ఆ తరువాతే కల్లంలో పరిచి ఎండబెట్టడం. అప్పుడు కూడా రోజూ తిరగేస్తూ ఉండాలి, రాత్రి మంచుకు, మబ్బు పడితే వానకు పట్టాలు కప్పాలి. ఎండ అవసరానికి మించితే రంగు పెరగదు సరికదా, వెలిసిపోతుంది. తెల్లబడిన కాయను మేం తాలు అంటాం, దానిని వేరుగా ఏరి చాలా తక్కువ ధరకు అమ్మాల్సి వస్తుంది.

మరి ఎండబెట్టేది ఎందుకంటే, నిలవ కోసం. చెమ్మ మిగిలిన కాయను టిక్కీలో, అంటే గోనె బస్తాలో, తొక్కితే లోపలే బూజు పడుతుంది, పైకి మాత్రం బాగానే ఉంటుంది. చెమ్మ పది శాతం దగ్గరకు దిగిన కాయైతే కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి రంగు, ఘాటు పోకుండా ఉంటుంది. కొనేవాడు యార్డులో టిక్కీ విప్పించి, చెయ్యి లోపలికంటా పెట్టి కాయ తీసి, నలిపి, గలగలమంటుందో లేదో వింటాడు.

ఇది చదివాక మీరనుకున్న పాఠం నిలవదేమో గానీ, నాకు మాత్రం ఇందులో రోమా పత్రిక అయిదో అధ్యాయం ఇంకా దగ్గరగా కనబడుతోంది. శ్రమ ఓర్పును కలుగజేస్తుందని పౌలు రాశాడు, రక్షణను కలుగజేస్తుందని రాయలేదు. రంగు అంతకు ముందే ఇవ్వబడింది. ఆ అధ్యాయం మొదటి వచనమే విశ్వాసమూలమున నీతిమంతులుగా తీర్చబడిన సంగతితో మొదలవుతుంది. ఎండ చేసేది ఆ రంగును నిలబెట్టడం. ఇంకొక మాట కూడా ఉంది. కప్పవలసిన వేళ కప్పే రైతు పక్కన లేకపోతే ఎండకు కాయ పాడైపోతుంది. శ్రమ ఎంత ఎక్కువైతే అంత మంచిదని చెప్పే ప్రసంగాలు విన్నప్పుడల్లా నాకు తాలు కుప్పలు గుర్తొస్తాయి.

జవాబు: సింగ్‌నగర్ సోదరి, విజయవాడ

వందనాలు అక్కా. మీ రెండో ప్రశ్నకు జవాబు రాయడం నా బాధ్యత అనిపించింది, ఎందుకంటే మీ సంపాదకులు అడిగిన ఆ వరదలో మా ఇల్లు ఉంది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు గట్టుకు గండ్లు పడి మా ప్రాంతమంతా నీళ్లలో మునిగింది. అదే సమయంలో కృష్ణకు కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం వచ్చింది. నీళ్లు ఇంకా పూర్తిగా తీయకముందే, ఇది ఈ పట్టణపు పాపానికి దేవుడు పంపిన హెచ్చరిక అన్న సందేశాలు ఫోన్లలో రావడం మొదలైంది. మేడ మీద తాగునీటి కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఆ మాట చేరినప్పుడు ఎలా ఉంటుందో రాసినవారు ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది.

లూకా సువార్త పదమూడో అధ్యాయం తెరవండి. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. వారు యెరూషలేములో ఉన్న తక్కినవారికన్నా ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా అని ప్రభువే అడిగి, కాదని ప్రభువే చెప్పాడు. వినేవారిని మారుమనస్సు పొందమన్నాడు గానీ, చనిపోయినవారి నుంచి వారి తప్పేమిటో తీసి చూపించలేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడూ అదే జరిగింది. కాబట్టి ఒకరి ఆపదకు కారణం చెప్పే అధికారం రచయితకు ఉందని నేను అనుకోను. పైగా, దైవశిక్ష అని రాసి ఊరుకుంటే గట్టు ఎందుకు తెగింది, వాగు దారిలోకి ఇళ్లు ఎలా వచ్చాయి అన్న ప్రశ్నలు అడిగే పని మనకు తప్పిపోతుంది. ఆ ప్రశ్నలూ దేవుని ఎదుట అడగవలసినవే.

రాయడానికి ఏమీ లేదని కాదు. పడవల మీద వచ్చినవారు, డ్రోన్లతో జారవిడిచిన ఆహార పొట్లాలు, బురద పట్టిన ఇళ్లను కడిగిన ఫైరింజన్లు, గండి పూడ్చడానికి వచ్చిన సైనికులు అందరూ కనబడ్డారు. మా మేడ మీద మూడు మతాలవారం ఒకే గిన్నెలో వండుకున్నాం. ఎవరి పాలపాకెట్టు ఎవరి బిడ్డకు వెళ్లిందో రాయండి, చాలు.

తొడిమలు తీసే ఆవిడ గురించి రాయాలంటే మొదట ఆవిడనే అడగండి, రాసింది చదివి వినిపించండి. పేద విధవరాలి రెండు కాసుల సంగతి ప్రభువు శిష్యులను దగ్గరకు పిలిచి చెప్పాడు. ఆమెను జనం ముందు నిలబెట్టలేదు, ఆమె పేరు మనకు ఈనాటికీ తెలియదు.

జవాబు: సంఘ పెద్ద, గుంటూరు

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త చెప్పదలిచాను. వాక్యంతో ముగించడం పాతపద్ధతి అన్న భావం ఈ చర్చలో ఎక్కడా స్థిరపడకూడదు.

మన జిల్లాలో సువార్త ఊరూరా నాటుకున్నది ఉపదేశుల వల్ల. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన తరువాతి కాలంలో, చదువురాని పెద్దలకు వాక్యాన్ని చదివి వినిపించి కంఠతా పట్టించినవారు వారే. ఇప్పటికీ మీ పత్రికను పల్లెల్లో ఒకరు చదివితే నలుగురు వింటారు. వారికి చివర వచ్చే వాక్యం నెలంతా మనసులో నిలిచే ఆధారం. సామెతల గ్రంథం ఇరవైనాలుగో అధ్యాయంలో జ్ఞాని సోమరివాని పొలం పక్కగా వెళ్తూ ముళ్లతుప్పలను, పడిపోయిన రాతిగోడను చూశాడు, యోచించాడు, పాఠాన్ని విప్పి చెప్పాడు. దాచలేదు. విత్తువాని ఉపమానాన్ని ప్రభువు కూడా శిష్యులకు విడమరిచి చెప్పాడు. అయితే ఆ జ్ఞాని ముందు గోడను చూశాడన్న మాట నేనూ ఒప్పుకుంటాను.

బ్రాడీపేట రచయిత్రి

అందరికీ కృతజ్ఞతలు. మిర్చి పేజీని తమ్ముడు చెప్పినట్లు నిలవ ఉండే గుణం చుట్టూ రాస్తాను, కల్లం దగ్గరకు వెళ్లి చూసి మరీ రాస్తాను. పెద్దల మాట ప్రకారం వాక్యాన్ని వదలను, కానీ దానిని పేజీ పైభాగంలో పెట్టి, చివరి పేరాను వస్తువుకే వదిలేస్తాను. తొడిమలు తీసే అక్కను అడిగాను. పేరు వద్దన్నారు, కూలి రేటు మాత్రం తప్పకుండా రాయమన్నారు.

మాస్టారిని ఒకటి అడగాలి. వస్తువును మార్చి చూడమన్నారు కదా. లూకా పదిహేనో అధ్యాయంలో గొర్రె, నాణెం, కుమారుడు మూడూ తప్పిపోయి దొరికినవే, మూడింటి పాఠమూ ఒకటే అని చిన్నప్పటి నుంచి విన్నాం. మీ పరీక్షకు ప్రభువు ఉపమానాలే నిలవవా?

విశ్రాంత తెలుగు అధ్యాపకుడు

మంచి ప్రశ్న అడిగారమ్మా. మూడింటిలోనూ ఆనందం ఒకటే, వెదికే తీరు మాత్రం ఒకటి కాదు. గొర్రె దొరికాక నడిచి రాదు, కాపరి దానిని భుజాల మీద వేసుకుంటాడు. నాణేనికి తాను పోయినట్లు కూడా తెలియదు, పైగా అది పోయింది అడవిలో కాదు, ఇంట్లోనే; అందుకే ఆ స్త్రీ దీపం వెలిగించి ఇల్లు ఊడ్చింది. కుమారుణ్ణి వెదకడానికి తండ్రి దూరదేశం వెళ్లలేదు, కుమారుడు తనంతట తాను లేచి వచ్చేవరకు ఎదురుచూసి, ఇంకా దూరంగా ఉండగానే పరుగెత్తాడు. కుమారుణ్ణి భుజాన వేసుకుని బలవంతంగా తీసుకురావడం కుదరదు, నాణెం పశ్చాత్తాపపడడం కుదరదు. ఒకదాని చోట మరొకటి పెడితే కథ నడవదు. పెద్దకుమారుడు విందు లోపలికి వెళ్లాడో లేదో కూడా లూకా రాయలేదు, అక్కడికి తండ్రి మాటతో అధ్యాయం అయిపోతుంది.

ఆ అక్క కూలి రేటు రాయమన్నారన్నారు, తప్పక రాయండి. కిలోకు ఎంత, తూకం ఎవరు వేస్తారు, తొడిమలు తీసిన చేతుల మంట రాత్రికి ఎలా ఉంటుంది, ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకునే ముందు చేతులకు ఏం రాసుకుంటారు అన్నవి కూడా అడిగి, ఆవిడ చెప్పిన మాటల్లోనే రాయండి.