వియ్యపురాలు మూడు వారాలు ఉంటారు: ఇంట్లో అందరం నీచు మానేయాలా, వేరుగా వండుకోవాలా?

గోదారిగట్టు:
మాది రాజమహేంద్రవరం. మా కోడలిది ఆదోని. వాళ్లు మాధ్వులు (మధ్వాచార్యుల సంప్రదాయం పాటించేవాళ్లు), ఉల్లి, వెల్లుల్లి కూడా ఇంట్లోకి రానివ్వరు. మా ఇంటికొచ్చాక కోడలు గుడ్డు వరకు అలవాటు చేసుకుంది, ఆ సంగతి వాళ్లమ్మగారికీ తెలుసు. ఈ సంక్రాంతికి ఆవిడ మొదటిసారి మా ఇంటికి వస్తున్నారు. భోగి ముందు రోజు వచ్చి నెలాఖరు దాకా ఉంటారు.

మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. చేప లేకపోతే ఆవిడకు ముద్ద దిగదు. మా చిన్నాడికి రోజూ గుడ్డు ఉండాలి. ఆదివారం కోడికూర సంగతి చెప్పనక్కర్లేదు. "వియ్యపురాలు ఉన్నన్నాళ్లూ ఇంటిల్లిపాదీ మానేయండి, అదే మర్యాద" అని మా ఆడపడుచు అంటోంది. "మన తిండి మనం తింటే తప్పేంటి, ఆవిడకు వేరుగా వండు" అని మా వారు అంటున్నారు. నేను స్కూల్లో టీచర్ని, ఎనిమిదింటికల్లా బయల్దేరాలి. రోజూ రెండు వంటలు నా వల్ల కాదు. అలాగని వచ్చిన మనిషికి లోటు చేయడం కూడా ఇష్టం లేదు. మీరైతే ఏం చేస్తారు?

కృష్ణలంక:
మానేయండి. ఇందులో ఆలోచించాల్సింది ఏముందండీ? ఇంట్లో ఒక్కరు అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు అందరం మానేస్తున్నాం. కార్తీక మాసంలో నెల రోజులు ముట్టుకోని ఇళ్లు ఎన్నో. మూడు వారాలు ఒక లెక్కా? పిల్లనిచ్చిన తల్లి మొదటిసారి గడప తొక్కుతున్నప్పుడు వంటింట్లోంచి చేపల పులుసు వాసన రావడం నాకైతే అస్సలు నచ్చదు.

ఉప్పాడ అలలు:
మాల వేసుకోవడం మనం మనకు పెట్టుకున్న నియమం. చుట్టం రావడం అలాంటిది కాదు. డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దావిడ తన ఇంట్లో, తన కంచంలో తినే చేప ముక్కను ఎవరి కోసమో ఆపడం మర్యాద ఎలా అవుతుంది? ఆవిడా పెద్దమనిషే కదా.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2014లో కేంద్రం చేసిన శాంపిల్ రిజిస్ట్రేషన్ బేస్‌లైన్ సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవాళ్లలో ఆంధ్రలో 98 శాతం, తెలంగాణలో దాదాపు 99 శాతం మాంసాహారం తినేవాళ్లే. మాది చేపల వేట మీద బతికే ఊరు. చుట్టాలు వచ్చినప్పుడల్లా మన తిండిని దాచిపెడుతుంటే, మనం తినేది తక్కువ రకం తిండి అని పిల్లలు అనుకుంటారు. నాకు ఆ బాధ ఉంది. ఆవిడకు శుభ్రంగా, రుచిగా వండిపెట్టండి. మీరూ మీ తిండి తినండి. రెండింటికీ పోటీ లేదు.

కృష్ణలంక:
తక్కువ అని ఎవరన్నారు సార్? మాదీ తినే ఇల్లే. వచ్చినవాళ్ల కోసం కొన్నాళ్లు ఆగడం వేరు, సిగ్గుపడి దాచుకోవడం వేరు.

నల్లకుంట:
నేను పుట్టు శాకాహారిని, చుట్టంగా వెళ్లేవాళ్ల వైపు నుంచి చెప్తాను. పక్క కంచంలో మాంసం ఉంటే నాకేం ఇబ్బంది లేదు. ఏ గరిటె ఎందులో పెట్టారో తెలియకపోవడమే ఇబ్బంది. ప్రతి గిన్నె దగ్గరా "ఇందులో వెల్లుల్లి ఉందా? గుడ్డు ఉందా?" అని అడగాల్సి వస్తే, రెండో రోజుకే "ఆకలిగా లేదండీ" అని లేచిపోతాను. నా కోసం ఇంట్లో అందరూ కూర మానేశారని తెలిస్తే మాత్రం అక్కడ ఉండలేను, ఏదో పని చెప్పి ముందే బయల్దేరతాను. ముఖ్యంగా ఆ ఇంట్లో చిన్నపిల్లలుంటే.

అందుకే ముందే ఒకసారి ఫోన్ చేసి అన్నీ అడగండి. ఉల్లి, వెల్లుల్లి సరే. మునక్కాడ, ముల్లంగి తింటారా? మడి కట్టుకుని తానే వండుకుంటారా, మీ చేతి వంట తింటారా? మూడు వారాల్లో కనీసం ఒక ఏకాదశి పడుతుంది. మాధ్వులలో చాలామంది ఆ రోజు మంచినీళ్లు కూడా తాగరు. మర్నాడు ద్వాదశి పారణ, అంటే ఉపవాసం విడిచే భోజనం, పొద్దున్నే అయిపోవాలి. ఆ తెల్లవారుజామున వంట సిద్ధంగా ఉండాలని మీకు ముందే తెలియకపోతే ఆవిడ నోరు తెరిచి అడగరు.

తెనాలి:
నేనూ శాకాహారినే. నల్లకుంట గారితో సగమే ఒప్పుకుంటాను. కంచం సంగతి సరే, వాసన సంగతేంటి? ఎండు రొయ్యలు వేగుతున్న ఇంట్లో నాకు నిజంగా కడుపులో తిప్పుతుంది. అది ఎవరి తిండి మీదా చిన్నచూపు కాదు, ఒంటికి అలవాటు లేదంతే. పూర్తిగా మానమని అడగను. ఆవిడ తిని లేచాక వండుకోండి. మీకు దొడ్డి ఉంటే దొడ్లో వండుకోండి. ఎండు చేపలు, ఎండు రొయ్యలు మాత్రం ఆ మూడు వారాలూ బయటికి తీయకండి.

హన్మకొండ వదిన:
అందరూ మర్యాద గురించే మాట్లాడుతున్నారు, గిన్నెలు ఎవరు తోముతారో ఎవరూ అడగలేదు. "వేరుగా వండు" అన్నవారు తమ కూర తామే వండుకోవాలి. గోదారిగట్టు అక్కా, అన్నయ్యకు సూటిగా చెప్పండి. ఇంటి వంట అంటే అందరూ తినే వంట, అది మీరు చేస్తారు. పైన నీసు కావాలంటే ఆయనో మీ అబ్బాయో తెచ్చి, దొడ్లో పొయ్యి పెట్టుకుని వండి, ఆ గిన్నెలు కడిగి పెట్టాలి. అప్పుడు వారానికి ఎన్నిసార్లు కావాలో వాళ్లకే తెలిసొస్తుంది.

పెద్దాపురం వంటిల్లు:
వదిన గారు చెప్పిన దారిలోనే వంట కూడా కుదురుతుంది. రెండు వంటలని ఎందుకు అనుకుంటున్నారు? మన భోజనంలో పప్పు, కూర, పచ్చడి, చారు, పెరుగు ఎలాగూ ఉంటాయి. నీచు కూర వాటి పక్కన వచ్చి చేరేదే. ఆ పక్కది తీసేస్తే మిగిలింది అచ్చంగా ఆవిడ భోజనం. మార్చాల్సింది పోపు ఒక్కటే.

పొద్దున్నే కుక్కర్లో కింద అన్నం, పైగిన్నెలో కందిపప్పు పెట్టేయండి. పప్పు మెదిపి ఇంగువ పోపు పెట్టండి. ఆవిడకు సరిపడా వేరే గిన్నెలోకి తీశాక, మీకు కావాలంటే మిగిలినదానికి వెల్లుల్లి పోపు పెట్టుకోండి. చారూ అంతే. మిరియాలు, జీలకర్ర దంచి వేస్తే వెల్లుల్లి లేని లోటు తెలియదు.

కూరలకు మన గోదావరి జిల్లాల్లో కరువా? ఉల్లి, వెల్లుల్లి అక్కర్లేని వంటలే పెళ్లి భోజనాల్లో గొప్పగా పెడతాం. కంద బచ్చలి, ఆవపెట్టిన పనసపొట్టు. పొట్టు మార్కెట్లో కొట్టి సిద్ధంగా అమ్ముతారు, మీ పని సగం తప్పుతుంది. ఆవ మాత్రం దించాక, కూర కాస్త చల్లారాక కలపండి, వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. అరటికాయలో ఆవ, బీరకాయలో పాలు, దొండకాయ వేపుడులో కొబ్బరి. చిక్కుడుకాయ సంక్రాంతికి లేతగా వస్తుంది, ఉడికించి నువ్వుపొడి చల్లితే చాలు. గుమ్మడికాయ, చిలగడదుంప వేసి బెల్లంతో దప్పళం ఒకరోజు పెడితే రెండు పూటలు వస్తుంది. మీ అత్తగారు కూడా ఆ రోజు చేప అడగరని నా నమ్మకం.

స్కూలు రోజుల్లో ఇంత వద్దు. ముద్దపప్పు, మజ్జిగపులుసు, ఒక వేపుడు. లేదా పులిహోర, పెరుగన్నం. రాత్రికి పెసరట్టు, అల్లం పచ్చడి. కందిపొడి ఒక సీసాడు కొట్టి పెట్టుకోండి, వెల్లుల్లి లేకుండా. ఊరగాయల్లో జాగ్రత్త. మన ఇళ్లలో ఆవకాయకు వెల్లుల్లి దట్టిస్తాం. మాగాయ అయితే మామూలుగా ఇబ్బంది ఉండదు, అయినా మీరు పెట్టినప్పుడు ఏం వేశారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఒక గరిటెల జత, ఒక మూకుడు, ఒక మిక్సీ జారు ఆవిడ వంటకే విడిగా పెట్టేయండి. మిక్సీ జారు సంగతి చాలామంది మర్చిపోతారు. అల్లం వెల్లుల్లి నూరిన జారులో కొబ్బరి పచ్చడి రుబ్బితే మొదటి ముద్దకే తెలిసిపోతుంది.

ఫ్రిస్కో తెలుగు:
కొన్న సరుకుల గురించి ఒక మాట. మన దేశంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే గుడ్డు కూడా లేనట్టే, పాలు మాత్రం ఉండొచ్చు. ఆ చుక్క ఉల్లి, వెల్లుల్లి గురించి ఏమీ చెప్పదు, అందుకే చిప్స్, మసాలా పొడుల వెనక చదవాలి. బేకరీ కేకుల్లో గుడ్డు ఉంటుంది, గుడ్డు లేనిదని అడిగి తేవాలి. ఇక్కడ టెక్సాస్‌లో మాకు ఇంకా చిక్కు. ఇక్కడివాళ్ల లెక్కలో గుడ్డు తినేవాళ్లు కూడా శాకాహారులే. కొన్ని చీజ్‌లలో దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్, కొన్ని స్వీట్లలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటాయి. మా అత్తయ్య వచ్చినప్పుడు లేబుల్ చదవడం మా పిల్లలకే అప్పజెప్పాం, వాళ్లే ఇష్టంగా చేశారు.

తార్నాక:
గుడ్డు ఆపితే బాబుకు ఏమవుతుందోనని టెన్షన్ పడేవాళ్లకు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. 30 గ్రాముల కందిపప్పులో కూడా దాదాపు అంతే వస్తుంది. ఎండు మీల్‌మేకర్‌లో సగానికి సగం ప్రోటీనే. బి12 మాత్రం పప్పుల్లో, కూరల్లో ఉండదు, పాలు, పెరుగులో కొంత ఉంటుంది. ఆరోగ్యంగా తిని తిరిగే పిల్లాడికి మూడు వారాలు గుడ్డు లేకపోయినా ఏం కాదు. అయితే ఉడికించిన గుడ్డు ఆపాల్సినంత అవసరం ఉందా అన్నది వేరే ప్రశ్న. దానికి వేరే గిన్నె పెడితే సరిపోతుంది కదా.

లంకల దారి:
కోనసీమవాడిగా ఒకటి చెప్పాలని ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారులకు కూడా లేచి వండిపెట్టారు. ఇవాళ ఆంధ్రలో బడి మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు, ఆ భోజనంలో పిల్లలకు గుడ్డు కూడా ఇస్తారు. వచ్చినవాళ్లు కడుపునిండా తినడం ముఖ్యం, పక్కవాళ్ల కంచం ఖాళీ చేయడం కాదు. నా ఓటు ఉప్పాడ గారికి, తెనాలి గారు చెప్పిన షరతులతో.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలు. నల్లకుంట గారు చెప్పినట్టు నిన్న రాత్రి ఫోన్ చేసి అన్నీ అడిగాను. ఇంట్లో మడి కట్టుకుంటారట, బయట పట్టించుకోరట. నా చేతి వంట తింటానన్నారు. ముల్లంగి తినరు. ఏకాదశి నాడు ఏమీ వద్దు, ద్వాదశి నాడు సూర్యోదయం కాగానే అన్నం, పెసరపప్పు ఉంటే చాలన్నారు. "మీ అత్తగారి చేప మాన్పించారని తెలిస్తే నేను రాను వదినా" అని ఆవిడే అన్నారు. వాసన సంగతి నేనే అడిగాను. కాసేపు ఆగి, "ఎండు చేప మాత్రం తట్టుకోలేను" అన్నారు.

మా వారికి వదిన గారి మాట చదివి వినిపించాను. అబ్బాయీ ఆయనా దొడ్లో గ్యాస్ పొయ్యి పెడతామన్నారు. అత్తగారికి వారానికి రెండుసార్లు చేప, వియ్యపురాలు మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు వండేలా అనుకున్నాం. బాబు గుడ్డుకు చిన్న గిన్నె వేరుగా పెట్టాను. ఇక తేలనిది కనుమ ఒక్కటే. ఆ రోజు మా ఇంటికి ఇంకో పది మంది వస్తారు, నాటుకోడి లేకుండా ఒప్పుకోరు.

కృష్ణలంక:
ఆవిడే అన్నారు కాబట్టి మిగతా రోజుల గురించి నేనిక మాట్లాడను. కనుమ ఒక్క రోజు మాత్రం ఆపండి. అంత మంది ఒకేసారి మాంసం తింటుంటే ఆవిడ ఏ మూల కూర్చుంటారు?

ఉప్పాడ అలలు:
మూల ఎందుకు? మీ అత్తగారి పక్కన కూర్చోబెట్టండి. ఏడాదికోసారి వచ్చే కనుమను ఆపితే ఆ పది మందీ గుర్తుపెట్టుకునేది ఎవరి పేరునో ఆలోచించండి. మీ కోడలి పేరే కదా?

పెద్దాపురం వంటిల్లు:
కనుమ నాడు మినుము తినాలంటారు కదా, గారెలు ఇద్దరివీ. పిండిలో ఉల్లి వేయకండి, మిరియాలు, అల్లం చాలు. కొత్త నూనెలో ముందు గారెలు మొత్తం వేయించేసి, ఆ తర్వాతే దొడ్లో కోడికూర పొయ్యి వెలిగించండి. ఆవిడకు గారెలు, పెరుగు గారెలు, పరమాన్నం, పులిహోర. పంక్తి రెండుగా వేయండి. ఆవిడ, మీ కోడలు, పిల్లలు ముందు పంక్తిలో కూర్చుంటారు. ఇంట్లో చిన్నాపెద్దా ఎవరు ముందు తిన్నా పండగ రోజు ఎవరూ తప్పుపట్టరు. పప్పు రాత్రే నానబెట్టండి, అంత మందికి కిలోన్నర పొట్టు మినప్పప్పు పడుతుంది.

గోదారిగట్టు:
రెండు పంక్తులు నాకు నచ్చింది. కృష్ణలంక గారూ, మీ మాట కూడా తీసేయను, ఆవిడ వచ్చాక కోడలి చేత ఇంకోసారి అడిగిస్తాను. అమ్మకు కష్టంగా ఉందో లేదో దానికి తెలిసినంతగా మనకు తెలియదు. పెద్దాపురం గారూ, పనసపొట్టు కిలో తెస్తే ఆరుగురికి సరిపోతుందా?